గిన్నె మీద పేరు

దీనబంధు తెచ్చాడు దాన్ని,
విశాఖలో వెల్డింగు పని చేసే మా చెల్లి కొడుకు.
నీలం అట్ట, బంగారు అక్షరాలు.
తెల్ల చొక్కా జేబు మీద నల్లబిళ్ల పెట్టుకున్న
ఇద్దరు కుర్ర దొరలు బస్టాండులో ఇచ్చారట,
మార్మనులట.
"పెద్దమ్మా, నువ్వు సండేస్కూలు టీచరువి కదా.
సదివి సెప్పు, ఇందులో తప్పేటో."

కాశీబుగ్గలో కరెంటు పోయిన రాత్రి
ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.
పగలంతా జీడిపప్పు ఏరే చేతులు నావి:
గుండు ఇటు, బద్ద అటు, ముక్క కింద గంపలోకి,
పురుగు పట్టింది పొయ్యిలోకి.
ఓ పుస్తకం ఎంత?

మొదటి పేజీలోనే చెయ్యి ఆగింది.
మా వాక్యం గొంతే అది.
ఆ "అంతట", ఆ "ఇదిగో", ఆ "నిశ్చయముగా",
పక్కింటామె నోట్లోంచి
మా అమ్మ దగ్గినట్టు.

తిప్పుతూ పోతే యెషయా ప్రవక్త,
అధ్యాయాలకు అధ్యాయాలు.
ఎవరింటి పెళ్లి బంతిలోనో
మన ఇంటిపేరు చెక్కిన గిన్నె కనబడితే ఏమంటాం?
ఎప్పుడో ఎరువిచ్చామా?
ఎత్తుకుపోయారా?
లేక ఇద్దరికీ కంచరివాడు ఒక్కడేనా?
పక్కన ఒక గీత గీశాను. చెరిపేశాను.

బంగారు రేకుల మీద రాసి కొండలో పాతారట.
నవ్వొచ్చింది.
ముఖలింగం దారిలో మా మావ పొలం దున్నుతుంటే
రాగిరేకులు దొరికాయి ఒకసారి, కడియానికి గుచ్చి.
ఆఫీసువాళ్లు జీపులో వచ్చి పట్టుకెళ్లారు,
అందులో ఏం రాసుందో మాకెవరూ చెప్పలేదు.
కానీ నేను తాకాను. చల్లగా ఉన్నాయి.
ఆ బంగారాన్ని మాత్రం
దేవదూత వెనక్కి పట్టుకుపోయాడట.
మరి మన మోషే రాతిపలకలు ఎక్కడున్నాయే, సువార్తమ్మా,
అని నన్ను నేనే అడిగి
లాంతరు వత్తి ఎగదోసుకున్నాను.

ఆ తర్వాత ఒకచోట
తిరగబడ్డ జనానికి దేవుడు
నల్లతోలు శాపంగా వేశాడని ఉంది.
లాంతరు దగ్గరికి జరుపుకుని మళ్లీ చదివాను.
జీడిరసం తిన్న నా వేళ్లు ఆ మాట పక్కనే ఉన్నాయి,
ముద్రలరిగి, రేషను మిషను కూడా గుర్తుపట్టని వేళ్లు.
అక్కడ మాత్రం ముల్లు విరిగేలా గీశాను.
గీస్తుంటే గుర్తొచ్చింది,
ఆశీర్వాదంగారి ముందున్న పాస్టరు
మా మందిరంలోనే హాము శాపం అని ప్రసంగిస్తే
చాప మీద కూర్చుని
ఆమేన్ అన్నాను నేను.

చివర్లో ఒకడు మిగులుతాడు.
తండ్రి పోయాడు, తన జనమంతా పోయారు,
రాయడానికి రేకు మీద చోటు లేదు,
ఎక్కడికెళ్లాలో తనకే తెలీదు.
తిత్లీ తుఫాను రాత్రి
జీడితోటలన్నీ నేల కరిచాక,
మందిరం పైరేకులు ఎగిరిపోయాక,
జోగారావు తాత సంఘం రిజిస్టరుని,
మా బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు,
యూరియా సంచిలో చుట్టి
కడుపు కింద పెట్టుకుని తెల్లార్లూ బోర్లా పడుకున్నాడు.
రాసింది దాచుకునేవాడి వణుకు నేను చూశాను.
ఆ పేజీలో తప్పులు వెతకలేదు.

అడుగు, నిజమైతే నీ గుండే చెబుతుందని ఆఖర్న ఉంది.
నేనడగలేదు.
దీని సంగతి నాకు తెలీదా,
అర్ధరాత్రి హౌరా బండి కూతేసినా కరిగిపోతుంది.
అదీ సాక్ష్యమేనా?

ఆదివారం ఆరాధనయ్యాక దీనబంధు ఫోను.
"సదివావా? ఏటనిపించింది?"
"గిన్నె మనదేరా నాయనా. కూర మనది కాదు."
నవ్వాడు.
నల్లతోలు మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.
హాము మాట చెప్పలేదు.

పుస్తకం గూట్లో ఉంది,
వాక్యం పక్కన కాదు,
కింద అరలో, బియ్యం కొలిచే డబ్బా వెనక.
ఆ ఒంటరివాడి పేజీలో
జీడిపొట్టు ఒకటి పెట్టి ఉంచాను.